మస్తానమ్మ ఏం చెప్పింది?

ఆ బుధవారం పొద్దున తాగిన కాఫీ ఇమ్మానుయేలుకు మధ్యాహ్నమైనా అరగలేదు. అతని పిటిషనుకు జవాబుగా మున్సిపాలిటీ వాళ్లు హైకోర్టులో వేసిన కౌంటరు చేతికొచ్చింది. తిరగేస్తూ తిరగేస్తూ చివరి కాగితాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడున్నది అతను రాసిన వ్యాసమే. పైన అతని పేరు, పక్కన అతని నవ్వు మొహం ఫొటో.

అతని వ్యాసంతోనే అతని కేసును కొట్టబోతున్నారు. విచారణ రేపే.

మొదట్నుంచీ చెబుతాను. ఇమ్మానుయేలు గుంటూరు బ్రాడీపేటలో కోదండపాణిగారి దగ్గర జూనియర్ లాయరు. ఆఫీసు ఆయన ఇంటి ముందుగదిలోనే. కోదండపాణిగారంటే రాజ్యాంగం కేసుల్లో పెద్ద చెయ్యి. ఆయన దగ్గర చేరడమే ఒక అర్హత అనుకునేవాళ్లు ఆ రోజుల్లో. మనవాడు మాటకంటే కలంతో గట్టివాడు. నెలనెలా ఒక న్యాయ పత్రికలో కోర్టు తీర్పుల మీద వ్యాఖ్యానం రాసేవాడు.

కొన్ని నెలల కింద ఒక తీర్పు వచ్చింది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన విద్యార్థి కేసు అది. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. కాలేజీ వాళ్లు నోటీసూ లేకుండా, అతని మాటా వినకుండా పేరు కొట్టేశారు. ఒప్పుకున్నాక ఇంకా వినేదేముంది, విన్నా ఫలితం మారేది కాదు కదా అంది కోర్టు.

ఇమ్మానుయేలు ఆ తీర్పును నెత్తిన పెట్టుకున్నాడు. "విన్నా మారని చోట వినడం ఉత్త తతంగం. తప్పు చేసిన ప్రతివాడూ 'నా మాట వినలేదు' అనే గొడుగు కిందికి దూరి కోర్టుల కాలం తినేస్తున్నాడు" అని రాశాడు. బాగానే రాశాడు లెండి, కాదనను. బార్ అసోసియేషన్ గదిలో అందరి ఫోన్లలోనూ తిరిగింది. వారం రోజులు అతను టీకి జేబులో చెయ్యి పెట్టలేదు.

గురువుగారు మాత్రం వ్యాసం మొత్తం చదివించుకుని విన్నారు. "ఊఁ" అన్నారు. మెచ్చుకున్నారో, తిట్టుకున్నారో ఆ "ఊఁ"లో తెలిసి చస్తేగా!

ఆ తర్వాత వచ్చింది మస్తానమ్మ కేసు.

ఊరి పేరెందుకులెండి. ఒక మున్సిపాలిటీ కాలనీలో ఆవిడకు ప్రభుత్వం ఇచ్చిన ఇల్లుంది. ఒక గది, వంటింటి పంచ, ముందర ఇంత జాగా. అరవయ్యేళ్ల బతుకులో ఆవిడ నాది అని చెప్పుకున్నది ఆ ఒక్కటే. అధికారులు తనిఖీకి వచ్చేసరికి లోపల వేరేవాళ్లు కాపురముంటున్నారు. మస్తానమ్మను పిలిపించి, "రెండేళ్లుగా నేను ఈ ఇంట్లో ఉండటం లేదు" అని రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఇల్లు పుచ్చుకున్నవాళ్లు ఆ ఇంట్లోనే ఉండాలని రూలు. వారం తిరక్కుండానే పట్టా రద్దు. నోటీసు లేదు, ఏమ్మా ఎందుకుండటం లేదు అని అడిగిన నాథుడు లేడు. లోపలున్నవాళ్లను ఖాళీ చేయించి, ఆవిడ ట్రంకుపెట్టె బయటపెట్టి తలుపుకు తాళమేశారు. సోమవారం ఆ ఇల్లు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు.

కోదండపాణిగారే వాదించాల్సిన కేసు. కానీ ఆయన కంట్లో శుక్లాలు తీయించుకుని నల్లద్దాలతో ఇంట్లో కూర్చున్నారు. కాగితం ముట్టుకోవద్దు, ఎండలోకి రావద్దు అన్నాడు డాక్టరు. కేసు శిష్యుడి మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు తెలిసింది కదా ఆ కాఫీ ఎందుకు అరగలేదో.

అదే సమయానికి అఫిడవిట్ మీద వేలిముద్ర వెయ్యడానికి మస్తానమ్మ వచ్చింది. సంచి చంకలో పెట్టుకుని బల్ల ముందర నిలబడింది. ఇమ్మానుయేలు తలెత్తలేదు. కళ్లు కౌంటరు మీద, పెన్ను చేతిలో.

"ఈ వాంగ్మూలం మీద వేలిముద్ర నీదేనామ్మా?"

"నాదే బాబూ."

"బలవంతాన వేయించారా?"

"లేదు. అడిగారు, ఏశాను."

"రెండేళ్లు ఆ ఇంట్లో లేని మాట నిజమేనా?"

"నిజమే."

"తాళం చెవి నువ్వే ఇచ్చావా వాళ్లకి?"

"నేనే ఇచ్చా. అదిగాదు బాబూ, అసలు ఏం జరిగిందంటే..."

"జరిగింది జరిగింది కదమ్మా. నువ్వేం చెప్పినా ఇవేం మారవు. ఇదిగో, ఇక్కడ వెయ్యి."

ఆవిడ నోరు మూసుకుని వేలిముద్ర వేసింది. వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయింది.

ఇమ్మానుయేలు కాగితాలు పట్టుకుని లోపలి గదిలోకి పరిగెత్తాడు. కోదండపాణిగారు పడక్కుర్చీలో కళ్లద్దాలతో అలాగే ఉన్నారు. నిద్రపోతున్నారో లేదో తెలీదు.

"సార్, కొంప మునిగింది."

"ఎవరి కొంప?"

"నాదే సార్. నా వ్యాసం కౌంటరుకు తగిలించారు. రేపు నేను లేచి నోటీసివ్వలేదు అనగానే, నువ్వు రాసిందేంటయ్యా అంటారు. నలుగురిలో తల ఎక్కడ పెట్టుకోను?"

"ఓహో. మునిగింది ఆ కొంపా?" అన్నారాయన.

ఇమ్మానుయేలు మొహం వేడెక్కింది. అయినా ఆగలేదు. "పోనీ తప్పుందా అంటే నా వ్యాసంలో తప్పూ కనపడట్లేదండీ. అన్నీ ఒప్పేసుకుంది. పిలిచి అడిగినా ఇంతకంటే ఏం చెబుతుంది? సమానత్వమంటూ పద్నాలుగో అధికరణం, జీవించే హక్కంటూ ఇరవయ్యొకటో అధికరణం ఎన్ని చదివినా చివరికి అదే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతున్నా. విన్నా మారనప్పుడు వినకపోతే పోయిందేమిటి? చెప్పండి సార్. నేను రాసింది తప్పా?"

కోదండపాణిగారు మొహం వాకిలివైపు తిప్పారు.

"ఆవిడ వెళ్లిపోయిందా?"

"లేదండీ, ఎండ తగ్గాక పోతానని వాకిట్లో నిలబడింది."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. ఇమ్మానుయేలు చెయ్యందించబోతే వద్దన్నారు. గోడ తడుముకుంటూ, గడప దగ్గర కాలుతో వెతుక్కుంటూ బయటికి నడిచారు. ఎండలోకి వద్దన్న డాక్టరు మాట గట్టున పెట్టేశారు.

"మీరు లోపల ఉండండి సార్, ఏం కావాలో నేను అడుగుతాను."

"నువ్వు అడిగింది విన్నాలే. నువ్విక్కడే ఉండు."

వాకిట్లో నందివర్ధనం చెట్టు పక్కన సిమెంటు బల్ల ఒకటుంది. ఇమ్మానుయేలు కిటికీ దగ్గర నిలబడ్డాడు. పక్కింట్లో పిండిమర ఆడుతోంది. మనుషులు కనపడుతున్నారుగానీ ఒక్క ముక్క వినపడటం లేదు.

ఆయన బల్ల మీద కూర్చుని పక్కన చేత్తో తట్టారు. మస్తానమ్మ వద్దు వద్దన్నట్టు తలూపింది. ఆయన చెయ్యి అక్కడే ఉంచారు. కాసేపటికి ఆవిడ బల్ల అంచున సగం కూర్చుంది.

చాలాసేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు. ఇమ్మానుయేలుకు ఒళ్లు మండింది. రేపు కేసు పెట్టుకుని ఈ మౌనవ్రతమేమిటి!

తర్వాత మస్తానమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట నేలకేసి చూస్తూ, తర్వాత ఆయన మొహంకేసి చూస్తూ. సంచి ఒళ్లోంచి కిందికి దిగింది. చెయ్యి నేలకు ఇంత ఎత్తున పెట్టి చూపించింది, పిల్లల ఎత్తు చెప్పినట్టు. ఎవరి పిల్ల? ఏ పిల్ల? కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోదండపాణిగారు ఏదో అడిగారు. ఆవిడ నుదురు కొట్టుకుంది. ఆపైన, చిత్రం, ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వారు!

ఇల్లు పోతున్న మనిషి నవ్వడమేంటి? అందులో నవ్వేంత సంగతేముంది? ఇమ్మానుయేలు కిటికీ ఊచలకు చెవి ఆనించాడు. పిండిమర చప్పుడు తప్ప ఏమీ లేదు.

బల్ల మీద ఇప్పుడు ఆవిడ సగం కాదు, పూర్తిగా కూర్చునుంది. వెనక్కి ఆనుకుని మరీ కూర్చుంది. చివరికి లేచి దణ్ణం పెట్టింది. కోదండపాణిగారు కూడా లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

ఆయన లోపలికి రాగానే ఇమ్మానుయేలు ఎదురెళ్లాడు.

"చెప్పిందా సార్?"

"చెప్పింది."

"ఏం చెప్పింది?"

"చాలా చెప్పింది." ఆయన తడుముకుంటూ పడక్కుర్చీలో కూర్చున్నారు. "కాసిని మజ్జిగ పట్రారా, గొంతెండిపోయింది."

మజ్జిగ వచ్చింది. ఆయన తాగారు. మూతి తుడుచుకున్నారు. ఇమ్మానుయేలు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"సార్, మనకు పనికొచ్చే పాయింటేమైనా..."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఆవిడ ఏం చెప్పినా మారేదేం లేదని నువ్వే అన్నావు. పత్రికలోనూ అదే రాశావు. మారనిదాంతో నీకేం పని?"

"సార్, రేపు విచారణ!"

"అవును, రేపే," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మీరైతే ఏం చేసేవారో గానీ ఇమ్మానుయేలుకు మాత్రం కోపంతో కళ్లనీళ్లొచ్చినంత పనైంది. ముసలాయనకు చాదస్తం ముదిరింది అనుకున్నాడు. ఆ పేదరాలి ఇల్లు పోతే ఈ పాఠం ఎవరికి కావాలి? చెప్పులేసుకుని బస్టాండుకు ఉరికాడు.

మస్తానమ్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చునుంది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇమ్మానుయేలు కింద నిలబడి రొప్పుతూ అడిగాడు.

"అమ్మా, సారుతో ఏం చెప్పావు?"

"అంతా చెప్పా బాబూ. పెద్దాయన కూచోబెట్టుకుని ఇన్నాడు."

"నాకూ చెప్పమ్మా. రేపు కోర్టులో మాట్లాడాల్సింది నేను."

ఆవిడ అతనికేసి జాలిగా చూసింది. కోపమేమీ లేదు, అదే అతనికి మరీ కష్టంగా అనిపించింది.

"నీకెందుకులే బాబూ. నేనేం చెప్పినా మారదన్నావుగా. ఊరికే నీ బుర్ర చెడగొట్టటం దేనికి? బెంగపెట్టుకోబాక. రేపు వస్తాగా నేను."

కండక్టరు రైటన్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆవిడకు ఫోను చేద్దామంటే అది ఆ ట్రంకుపెట్టెలో ఎక్కడో చచ్చి పడుంది.

ఆ సాయంత్రమంతా ఇమ్మానుయేలు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇంత ఎత్తు పిల్ల ఎవరు? మనవరాలా? జబ్బేమో. ఆస్పత్రి దగ్గర అద్దెకున్నారేమో. మరి తాళం చెవి ఎందుకిచ్చింది? ఆ వేరేవాళ్లు ఎవరు? చుట్టాలా, అద్దెకిచ్చిందా? అద్దెకిస్తే మటుకు కేసు గోవిందా. కానీ అద్దెకిచ్చినావిడ అలా నవ్వుతుందా? నుదురెందుకు కొట్టుకుంది? ఒక్కోటీ అనుకోవడం, కాదేమో అనుకోవడం. అన్నం ముందర కూర్చుని లేచాడు. రాత్రి నిద్ర లేదు. తెల్లారేసరికి ఒక కథ మాత్రం తయారైంది. మనవరాలికి జబ్బు చేసింది, గుంటూరు పెద్దాసుపత్రి చుట్టూ తిరిగింది, ఇల్లు పాడుబడకుండా తెలిసినవాళ్లను ఉంచింది. వినడానికి బాగానే ఉంది. నిజమో కాదో దేవుడికెరుక.

గురువారం పొద్దున హైకోర్టు హాల్లో అడుగుపెట్టేసరికి మున్సిపాలిటీ తరఫు లాయరు ఇతన్ని చూసి నవ్వాడు. ఆ నవ్వు వ్యాసం ఫొటోలో ఇతని నవ్వంత ఉంది. మస్తానమ్మ ఇంకా రాలేదు. కేసు పిలిచారు. పిలిచాక వచ్చింది ఆవిడ, వెనక గోడ పక్కన నిలబడింది.

ఎదుటి లాయరు తక్కువవాడేమీ కాదు. "ఊళ్లో ఇల్లు లేనివాళ్లు వేలల్లో ఉన్నారు," అన్నాడు. "వాళ్లంతా చెట్ల కింద ఉంటే, ఇళ్లు పుచ్చుకున్నవాళ్లు ఇంకెవరికో అప్పగించి తిరుగుతున్నారు. తనే ఒప్పుకుని వేలిముద్ర వేసింది. ఒక్కొక్కరినీ పిలిచి కథలు వింటూ కూర్చుంటే ఏ పథకమూ నడవదు." ఆ కాపీ కేసు తీర్పు చదివాడు. తర్వాత గొంతు సవరించుకుని, వ్యాసం చదివాడు. చివర్లో రాసినవాడి పేరు ఒక్కో అక్షరం సాగదీసి మరీ చదివాడు.

హాల్లో నవ్వులు. ఇమ్మానుయేలు చెవులు ఎర్రబడ్డాయి.

జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఇది రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"అయితే మీ ప్రశ్నే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆమె అన్నీ ఒప్పుకున్నారు. ముందుగా నోటీసిచ్చి పిలిచుంటే, ఫలితం మారేలా ఏం చెప్పి ఉండేవారు?"

మనవరాలి కథ నాలిక చివరి దాకా వచ్చింది. చెప్పెయ్యొచ్చు. అవును కాదు అనేవాళ్లెవరూ లేరు. ఇమ్మానుయేలు ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. ఇంగ్లీషులో ఏం జరుగుతోందో తెలియని మస్తానమ్మ, ఏం పర్లేదు కానీయ్ అన్నట్టు అతనికి తలూపింది.

ఆ కథ అక్కడే ఆగిపోయింది. అతను ముందుకు తిరిగాడు.

"నాకు తెలియదండీ," అన్నాడు.

జడ్జిగారు పెన్ను కింద పెట్టారు.

"తెలియదా? మీ క్లయింటు కదా?"

"అవునండీ. నిన్న చెప్పబోయింది. నేనే ఆపాను. నువ్వేం చెప్పినా మారదన్నాను." చేతిలో ఫైలు మూసేశాడు. "ఏం చెబుతుందో నాకు తెలియదు. మరి దాంతో మారదన్న సంగతి మాత్రం నాకెలా తెలిసిందో, నిన్న మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నానండీ. దొరకలేదు."

జడ్జిగారు ఆ వ్యాసం కాగితం పక్కకు జరిపారు. తర్వాత ఎదుటి లాయరువైపు తిరిగారు.

"మీకు తెలుసా?"

"రికార్డు ప్రకారం..."

"రికార్డు నేను చదివాను. ఆమె రెండేళ్లు ఆ ఇంట్లో ఎందుకు లేరో మీకు తెలుసా?"

లాయరు పక్కనున్న అధికారివైపు చూశాడు. అధికారి ఫ్యానువైపు చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

జడ్జిగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. పట్టా రద్దు చెల్లదు. ఇంటి తాళం ఇవాళే తియ్యాలి. ఇల్లు వేరెవరికీ ఇవ్వకూడదు. మున్సిపాలిటీ ఆమెకు నోటీసిచ్చి, పిలిచి, చెప్పింది విని, ఆ తర్వాతే ఏదైనా నిర్ణయం చెయ్యాలి. విన్నాక రద్దు చేస్తారో, ఉంచుతారో అది వేరే మాట. ఇల్లు పూర్తిగా దక్కినట్టు కాదు. సోమవారం గండం మాత్రం గడిచింది.

ఇమ్మానుయేలు బయటికొచ్చి మస్తానమ్మకు తెలుగులో చెప్పాడు. "పిలుస్తారంటనా?" అని రెండుసార్లు అడిగింది ఆవిడ. తిరిగి గుంటూరు దాకా ఒకే బస్సులో వచ్చారు. అతను వెనక నిలబడి, ఆవిడ ముందర ఆడవాళ్ల మధ్య, మాట్లాడే వీలే లేదు. పెద్దాయనకు ఒక దణ్ణం పెట్టి పోతానంటూ ఆవిడ ఇంటిదాకా వెంట వచ్చింది.

కోదండపాణిగారు ఎండలో గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో, చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఏమైందిరా?" అన్నారు, అడుగుల చప్పుడు వినగానే.

ఇమ్మానుయేలు చెప్పాడు. "తెలియదు" అన్న మాటతో సహా చెప్పాడు. ఆయన పెద్దగా ఊపిరి వదిలారు.

"నిన్నట్నుంచి నాకూ ముద్ద దిగలేదు. లోపలికి పద."

మస్తానమ్మ ఆయనకు దణ్ణం పెట్టి, మొహం కడుక్కుంటానని కుళాయి దగ్గరికి వెళ్లింది. గదిలో పడక్కుర్చీలో కూర్చున్నాక ఆయన అన్నారు.

"ఇప్పుడు చెప్పమంటావా, నిన్న ఆవిడ ఏం చెప్పిందో?"

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఒక్క మాట కోసం ప్రాణం పోయినంత పనైంది కదా ఇతనికి. ఇప్పుడు అడక్కుండానే చెబుతానంటున్నారు. ఇమ్మానుయేలు కిటికీలోంచి చూశాడు. మస్తానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ సిమెంటు బల్ల దగ్గరికి నడుస్తోంది.

"వద్దు సార్. నేనే వెళ్లి ఆవిణ్ణి అడుగుతాను."

ఫైలు తీసుకున్నాడు. పెన్ను వెతుక్కున్నాడు. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి పిలిచారు గురువుగారు.

"ఒరేయ్."

"సార్?"

"అడక్కు. వెళ్లి కూర్చో."

ఇమ్మానుయేలు గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. ఫైలూ పెన్నూ బల్ల మీద పెట్టేశాడు. నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, ఉత్త చేతులతో వాకిట్లోకి నడిచాడు.